గిర్దావరు సాబు అడిగిన చింతచెట్లు

ఈ ఉదయం పక్కింటి మేడ మీద కొత్త చింతపండు కొడుతున్నారు. ఎండిన కాయ మీద చెక్క సుత్తి పడినప్పుడు పెంకు పగిలే చప్పుడు పొడిపొడిగా వినిపిస్తుంది. ఆ వెనకే వాసన వస్తుంది. కాస్త తీపి, కాస్త పులుపు, అడుగున ఎండిన మట్టి వాసన. కిటికీ దగ్గర కూర్చుని నిన్నటి సంగతులు డైరీలో రాసుకుంటున్న నేను కలం పక్కన పెట్టేశాను. ఎనభై దాటిన మనిషిని, రోజూ ఒకే వేళకు ఒకే పని చేసే అలవాటున్నవాణ్ణి. అయినా ఏటా ఈ వాసన వచ్చిన రోజు నా పని సాగదు. వీధి గుమ్మంలో ఎవరో గొడుగు కర్రతో నేల మీద కొట్టి, "మున్షీజీ, చెప్పులు తొడుగు. చెట్లు చూసొద్దాం" అని పిలుస్తారేమోనని చెవి అటే పడేసి కూర్చుంటాను.

అలా పిలిచిన మనిషి పేరు గులాం దస్తగీర్. సంగారెడ్డి చుట్టుపక్కల ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన గిర్దావరు సాబు. గిర్దావరంటే ఊళ్లు తిరిగి, పట్వారీలు రాసిన భూముల లెక్క సరిగ్గా ఉందో లేదో పొలంలో నిలబడి చూసే సర్కారు ఉద్యోగి. నాకు పరిచయమయ్యేనాటికి ఆయన ఆ కొలువు నుంచి దిగిపోయి, పాత జైలుకు దగ్గరలో ఒక పెంకుటింట్లో నడిచే పేద పిల్లల బోర్డింగుకు కార్యదర్శిగా ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ తిని, పడుకుని, ఊళ్లోని బడికి వెళ్లేవారు. మెట్రిక్ పాసై పని కోసం తిరుగుతున్న నన్ను ఆయనే గుమాస్తాగా పెట్టుకున్నారు. ఖాళీ దొరికితే డైరీ తీస్తానని నాకు మున్షీజీ, అంటే రాతపనివాడు, అని పేరు పెట్టింది కూడా ఆయనే.

నేను చేరడానికి ముందు ఏడాది బోర్డింగు ఒకసారి మూతపడింది. అంతవరకూ ఒక పెద్ద భూస్వామి గాదె నుంచి జొన్నలు, బియ్యం వచ్చేవి. ఆయన పోయాడు. కొడుకులు పంచుకున్నారు. బోర్డింగుకు బండి పంపడం ఎవరి వంతులోనూ పడలేదు. పొయ్యి ఆరిపోయింది. పిల్లలు బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు నడిచిపోయారు. సాబు నలుగురి కాళ్లావేళ్లా పడి మళ్లీ పొయ్యి వెలిగించేసరికి వానాకాలం వచ్చింది. కొందరు పిల్లలు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్ల చాపలు చుట్టలు చుట్టి గోడకు ఆనించి ఉండేవి. నేను చేరిన కొత్తలో, జాగా చాలడం లేదు, అటక మీద పెట్టేద్దామన్నాను.

"ఉండనీ," అన్నారాయన. "చూస్తుండాలె. ఒక్క మనిషి దయ మీద నడిపినం బేటా. ఆ మనిషి పోతే పొయ్యి పోయింది. రేపు నేను పోతా, ఎల్లుండి ఇంకొకడు పోతడు. మనుషులు పోయినా ఆగనిది ఏదన్న కావాలె."

అది ఏమిటో ఆయనకు పటంచెరువు దారిలో బస్సు కిటికీలోంచి కనిపించింది. అప్పట్లో ఆ దారంతా పొలాలు, పొలాల గట్ల మీద చింతచెట్లు. ఏ చెట్టు ఎవరిదో, ఏ గట్టు మీద ఎవరెవరికి తగాదా ఉందో ఆయనకు కంఠతా వచ్చు. తాత నాటితే మనవడు దులిపే చెట్టు అది. ఒక్కో ఇంటివాళ్లు ఒక్క చెట్టు ఇస్తే చాలు, వాళ్లు ఉన్నంతకాలం వాళ్లదే, తిని మిగిలింది తోచినంత పిల్లలకు, వాళ్ల తర్వాత దాని కాయంతా బోర్డింగుది అని రాసిస్తే, పిల్లల పులుసుకు సరిపోగా మిగిలింది అంగడిలో గింజలకు మార్చుకోవచ్చు. ఇదీ ఆయన ఆలోచన.

చెప్పడం తేలికే, అడగడమే కష్టం. వీలునామా అనే మాట ఎత్తితే చాలు, మా దగ్గర మనుషులు లేచి వెళ్లిపోతారు. బతికున్న మనిషి ముఖం మీద చావు మాట ఎత్తడం కీడు. పైగా అడుగుతున్నది గిర్దావరు. ఆ కొలువంటే జనానికి ఇంకా దడ పోలేదు. గడ్డపోతారంలో మేము వీధిలోకి అడుగు పెట్టగానే ఒకామె కోళ్లను బుట్ట కింద మూసేసింది. చావిడి అరుగు మీద కూర్చున్న ముసలి రైతు మమ్మల్ని చూసి నవ్వాడు.

"నౌకరీల ఉన్నప్పుడు కోడి అడిగెటోనివి సాబు. ఇప్పుడు చెట్టు అడుగుతున్నవా? ముసలితనంల ఆకలి పెరిగిందేంది?"

నాకు ముఖం మాడిపోయింది. సాబు మాత్రం ఆ అరుగు మీదే రుమాలు పరిచారు. "నిజమే పెద్దయ్యా, తిన్న. అరగలే. అందుకే తిరుగుతున్న," అని కూర్చున్నారు. తర్వాత నా వైపు చూసి, "జెర కూసుందాం మున్షీజీ," అన్నారు.

ఆ మాట ఆయన ప్రతి ఊళ్లోనూ అనేవారు. నాకు తొందర. తిరిగి వెళ్లే బస్సు, మిగిలిన ఊళ్లు, సాయంత్రంలోగా చేయాల్సిన పనులు. ఆయన కూర్చుంటే వానలు, ఎడ్లు, కోడళ్లు, పంటి నొప్పులు అన్నీ అయ్యాకే చెట్టు మాట వచ్చేది. అదీ చావు ఊసు లేకుండా. "పెద్దయ్యా, నీ మనవడు నీ అంత ముసలోడైనప్పుడు ఈ చెట్టు కాయ ఎవరు తినాలె?" అని అడిగేవారు. అవతలి మనిషి నవ్వేవాడు, చెట్టు వైపు చూసేవాడు, ఆలోచనలో పడేవాడు. ఒప్పుకున్నా సాబు వెంటనే కాగితం తీసేవారు కాదు. "ముందు నీ కొడుకును పిలువు. కోడలును గూడ పిలువు. వాళ్ల నోటితోని అననీ," అనేవారు. రేపు ఆ మాట నిలబెట్టవలసినది వాళ్లు కనుక.

ముత్తంగిలో మల్లవ్వ అని ఒకామె ఉండేది. భర్త లేడు. కాస్తంత మెట్ట చెలక, దాని గట్టు మీద ఒకే ఒక చింతచెట్టు. మేము పక్కింటి రైతు కోసం వెళితే, తనే కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి నిలబడింది.

"నా చెట్టు గూడ రాసుకో సాబు."

సాబు ఆమె ఇంటి వైపు, చెట్టు వైపు చూశారు. "నీకు ఉన్నదే ఒక్కటి అవ్వా. నీ దగ్గర తీసుకుంటె నాకు నిద్ర పట్టదు. శానా ఉన్నోళ్ల దగ్గర తీసుకుంట."

"శానా ఉన్నోడే గద మీ పొయ్యి ఆర్పింది?"

వాకిట్లో పిల్లవాణ్ణి చంకనేసుకుని నిలబడ్డ ఆమె కోడలు సత్తెమ్మ అందుకుంది. "మస్తు ధర్మం చేస్తున్నవత్తా! ఉన్న ఒక్క చెట్టు ఇచ్చి, రేపటికెల్లి మాకు పులుసుల రాళ్లేస్తవా?"

మల్లవ్వ కోడలి వైపు తిరగలేదు. సాబునే చూస్తూ మెల్లగా చెప్పింది. "మా చిన్నోడు మీ బోర్డింగులనే సదివిండు సాబు. మూసిండ్రని మూట వట్టుకోని వచ్చిండు. నాలుగు దినాలు జూసి పోతడనుకున్న. అన్నతోని రాళ్లు కొట్టుడు కాడికి పోయిండు. మళ్ల తెరిసిండ్రని మీరు కబురు పెడితె, 'ఇగ నేను పోనే' అన్నడు. చెయ్యికి కూలి పైసల రుచి తగిలింది. మంచిగ సదివెటోడు." కొంగు మళ్లీ బిగించి చెక్కుకుంది. "ఇంకొకని పోరడు గట్ల మూట వట్టుకోని రావొద్దు. రాసుకో."

గోడకు ఆనించిన చాపలు నాకు గుర్తొచ్చాయి. వాటిలో ఏది వాళ్ల చిన్నోడిదో. సాబు గొడుగు మీద రెండు చేతులూ పెట్టి సత్తెమ్మ వైపు తిరిగారు. "బిడ్డా, నువ్వు 'సరే' అంటెనే. నువ్వు వద్దంటె నేను పోత."

సత్తెమ్మ చంకలోని పిల్లవాణ్ణి సర్దుకుంది. "నేనేడ వద్దన్న? పులుసు మాట అడిగిన, గంతే," అంటూ లోపలికి వెళ్లి నీళ్ల చెంబు తెచ్చింది. మా పద్ధతిలో అది ఒప్పుకోవడమే. పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు కూడా తల్లి మాట తన నోటితో అన్నాడు.

అంతా బాగానే జరుగుతోందనుకున్నాం. అయితే సాబు చేతికి కొలువునాటి అలవాటొకటి ఉండేది. హద్దురాళ్లకు సున్నం పూయించినట్టే, ఇచ్చిన ప్రతి చెట్టు మొదలుకూ చుట్టూ సున్నం పట్టీ వేయించారు. రేపు పంపకాల్లో తగాదా రాకూడదని. నా చేత్తోనే చాలా చెట్లకు పూశాను. ఎండలో ఆ తెల్లటి పట్టీలు దారి పొడుగునా కనిపిస్తుంటే ఆయన ముఖం వెలిగిపోయేది.

మరుసటి ఏడు చింతకాయ దులిపే రోజుల్లో ముత్తంగి వెళ్లాం. మల్లవ్వ చెట్టు కింద పండు పరుపులా రాలి ఉంది. చీమలు పట్టి, కోతులు తొక్కి, కొంత బూజు పట్టింది. ఎవరూ దులపలేదు, ఎవరూ ఏరలేదు. సున్నం పట్టీ మీద ఎవరో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మొదట్లో రెండు ఊదుబత్తుల పుల్లలు కూడా ఉన్నాయి.

"ఏమైంది అవ్వా?" అన్నారు సాబు.

"ఇచ్చిన చెట్టు గద సాబు. ఎట్ల ముడుతం? చిగురు గూడ తెంపలే," అంది మల్లవ్వ, మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నట్టు.

సత్తెమ్మ ఊరుకోలేదు. "మా చెట్టు కింద పండు మురుగుతుంటె పటంచెరువు అంగడికి వోయి చింతపండు కొంటున్నం సాబు! మా అత్త చెట్టు కిందికెల్లి చెప్పులేసుకోని నడువనిస్తలేదు. కాకి వాలితె దండం పెడుతున్నది."

మిగతా ఊళ్లలోనూ అంతే. సున్నం పడిన చెట్టు సర్కారుదో దేవుడిదో అయివుంటుందని జనం లెక్క. కొందరు మొదలు తవ్వి నీళ్లు పోయడం కూడా మానేశారు. ఇంటివాళ్లు ముట్టరు. బోర్డింగు నుంచి ఎవరో వచ్చి తీసుకుపోతారని వాళ్లనుకున్నారు, తిని మిగిలింది వాళ్లే తెస్తారని మేమనుకున్నాం. భక్తికొద్దీ ఊరూరా పంట నేలపాలైంది. ఆ ఏడు పిల్లల పులుసు సంగతి ఎలాగా అని నేను లోపల తిట్టుకుంటున్నాను.

సాబు చెప్పులు విప్పి చెట్టు దగ్గరికి వెళ్లారు. మల్లవ్వను చెంబెడు నీళ్లు, కొబ్బరి పీచు అడిగారు. మోకాళ్ల మీద కూర్చుని, దగ్గుతూ, తన చేత్తోనే ఆ పట్టీ కడగడం మొదలుపెట్టారు. మల్లవ్వ గాభరాగా పరుగెత్తింది.

"పాపం సాబు! బొట్టు వెట్టిన చెట్టు!"

"పాపం నా మీద వేసుకుంట. పులుసు నువ్వు పెట్టుకో," అన్నారాయన తల తిప్పకుండా. "అవ్వా, తప్పు నాది. నీ చెట్టుకు సున్నం పూసి నీకు పరాయిది చేసిన. ఇగ విను. నువ్వు ఉన్నన్ని దినాలు ఇది నీది. చిగురు నీది, కాయ నీది. మొదటి పండు నీ ఇంట్ల పులుసుకు. మిగిలిన దాంట్ల ఒక్క గంప నువ్వే మోసుకోని వచ్చి మా వంటింట్ల దింపు. పిల్లలు తింటుంటె కూసోని చూడు. గప్పుడు పో."

మల్లవ్వ చెట్టునూ ఆయననూ మార్చి మార్చి చూసింది. తర్వాత కొంగు తడిపి, ఆయన పక్కనే కూర్చుని, మిగిలిన సున్నం తుడిచింది. మిగతా ఊళ్ల చెట్లు కడగడానికి నాకు ఆ నెలంతా పట్టింది.

ఆ తర్వాత నుంచి మల్లవ్వే కాదు, అందరూ తామే గంపలు తెచ్చేవారు. వంటామె రాజవ్వ వాళ్లను పీట వేసి కూర్చోబెట్టి, ముందు పిల్లలకు, తర్వాత వాళ్లకు వడ్డించేది. పచ్చికాయ వచ్చిన రోజుల్లో ఆమె చింతకాయ తొక్కు నూరి చిన్న చిన్న జాడీల్లో పెట్టేది. ఏ చెట్టు కాయ ఆ చెట్టుకే విడిగా. ఆ జాడీలు నా సైకిలు బుట్టలో గడ్డి మధ్య సర్దుకుని, బస్సు దిగిన సాబును ఊరి బయట కలుసుకునేవాణ్ణి. ప్రతి ఇంటి గుమ్మంలో ఆయన జాడీ మూత తీసి, "చూడు, నీ చెట్టు ఏమంటున్నదో," అని అందించేవారు. ఒక పెద్దాయన వేలితో నాకి, "మా నాయన నాటిన చెట్టే," అని కళ్లు తుడుచుకోవడం నాకింకా కనిపిస్తుంది. ఇచ్చినవాడు పోయిన ఇంటికి కూడా జాడీ ఆగలేదు. ఆ ఏడు అక్కడ ఇంకాస్త ఎక్కువసేపు కూర్చునేవారు. ఏ కొడుకూ మాట తప్పలేదని చెప్పలేను. తప్పినవాళ్ల ఇంటికీ జాడీ వెళ్లేది. ఒకరిద్దరు సిగ్గుపడి మళ్లీ గంప పంపారు. పంపనివాళ్ల ఇంటికి ఆ తర్వాతి ఏడు కూడా వెళ్లాం.

"వాళ్లకెందుకు సాబ్?" అని ఒకసారి విసుక్కున్నాను.

"పంపలేదని మానేస్తె, మనం కాయ కోసమే పోయినట్టు గద బేటా," అన్నారు.

ఆయనకు ఉబ్బసం. చలికాలం వస్తే మంచం దిగలేని రోజులుండేవి. పందొమ్మిది వందల యాభైల చివర్లో ఒక చలికాలం నాకు హైదరాబాదులో సర్కారు ఉద్యోగం వచ్చింది. చెబుదామని వెళ్లి, చెప్పలేక మంచం పక్కన కూర్చున్నాను. మాట మార్చడానికి, "అందరి చేత ఇప్పించారు సాబ్. మరి మీరేమిస్తున్నారు?" అని వేళాకోళమాడాను. ఆయనకు చెట్టు లేదు. పిల్లలు లేరు. ఉన్న ఇల్లు కిరాయిది.

ఆయన ఊపిరి కూడదీసుకుని నవ్వారు. "నిన్ను ఇస్తున్న," అన్నారు. దగ్గు తీరాక, "గాని నీ నోటితోని నువ్వు అనాలె. నువ్వు వద్దంటె నేను పోత," అన్నారు.

సత్తెమ్మతో అన్న మాటే. నేను లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను.

చింతపండు కొట్టే రోజులు రాకముందే ఆయన వెళ్లిపోయారు. జనాజాను మోసుకుపోతుంటే వెనక నడిచినవాళ్లలో గడ్డపోతారం ముసలి రైతు ఉన్నాడు. ముత్తంగి నుంచి మల్లవ్వ వచ్చి దూరంగా గోడ నీడలో నిలబడింది. ఆ రోజు డైరీలో ఆయన పేరు తప్ప ఇంకేమీ రాయలేకపోయాను. ఆ ఏడు జాడీలతో ఒక్కణ్ణే బయలుదేరాను. మొదటి గుమ్మంలోనే జాడీ పట్టుకుని నిలబడిపోయాను. ఆ ఇంటాయనే రుమాలు పరిచి, "జెర కూసో," అన్నాడు.

తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. పొలాలు పోయాయి, గట్లు పోయాయి, గట్ల మీది చెట్లు పోయాయి. చెట్టు పోయిన ఇళ్లవాళ్లు కొందరు ఇంటి వెనక జాగా ఇచ్చారు, కొందరు గది కిరాయి రాసిచ్చారు. కొందరు ఏమీ ఇవ్వలేకపోయారు. జాడీ అందరికీ వెళ్లింది. బోర్డింగు మళ్లీ ఎప్పుడూ మూతపడలేదు. మల్లవ్వ తర్వాత ఆ గంప మోసింది సత్తెమ్మే. రోడ్డు కోసం చెట్టు కొట్టేసిన ఏడు ముసలితనంలో కూడా తానే వచ్చి గంప దింపి, వంటింటి గడపలో కూలబడింది. "ఇగ రాదు సారూ. చెట్టు పోయింది," అని ఏడ్చింది. "నేను వస్తానమ్మా," అన్నాను. సాబు ఉంటే ఇంకా మంచి మాట అనేవారు.

పోయిన వారం ముత్తంగి వెళ్లాను. ఇప్పుడక్కడ రింగు రోడ్డు కూడలి, లారీలు, గోదాములు. చెట్టు ఉన్న చోటు ఏదో పోల్చుకోలేను. ఆనాడు సత్తెమ్మ చంకలో ఉన్న పిల్లవాడు యాదగిరి ఇప్పుడు తల నెరిసిన మనిషి. లారీ టైర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. జాడీ మూత తీసి, గ్రీజు అంటని వేలు వెతుక్కుని, తొక్కు నాకాడు. అది అంగడిలో కొన్న కాయతో నూరినదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"నాయనమ్మ చెట్టు లెక్కనే ఉన్నది సార్," అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, రోడ్డు వైపు చూస్తూ అడిగాడు. "నాకు చెట్టు లేదు. ఈ దుకాణం షట్టరు నాది. నా తర్వాత దీని కిరాయి పిల్లలకు పోవాలంటె రాయొచ్చా?"

లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది.

"ముందు నీ కొడుకును పిలువు. కోడలును కూడా పిలువు," అన్నాను.

"పోరడు పటంచెరువు వోయిండు సార్. వచ్చేవరకు లేటయితది. మీకు బస్సు గిట్ల ఉన్నదేమో."

"తొందరేం లేదు. జెర కూసుందాం," అన్నాను. దుకాణం ముందు చెక్క బల్ల మీద రుమాలు పరిచి, ఇంకో మనిషికి సరిపడా చోటు వదిలి, ఒక చివరగా కూర్చున్నాను.